సామేలు గొంతు

సామేలు మనిషి ఎంత చిన్నవాడో గొంతు అంత పెద్దది. ఇరవై నాలుగేళ్ళు వచ్చినా వెనక నుంచి చూసినవాళ్ళు బడికి పోయే పిల్లవాడనుకునేవారు. ఆఫీసువాళ్ళిచ్చిన ఖాకీ చొక్కా భుజాలు మోచేతుల దాకా జారి వేలాడేవి. నోరు తెరిచాడంటే మాత్రం పక్కవాళ్ళు ఉలిక్కిపడాల్సిందే. లాలాపేట్ చర్చిలో పాస్టరుగారు అతన్ని కావాలనే ఆఖరి వరసలో నిలబెట్టేవారు. ముందు నిలబడితే మిగతావాళ్ళ పాట వినబడదని ఆయన భయం.

విశ్వవిద్యాలయం పరీక్షల ఆఫీసులో అటెండరుగా కుదిరాక ఆ గొంతే అతనికి పనికొచ్చింది. సర్టిఫికెట్ల కోసం వచ్చిన విద్యార్థులు కిటికీ దగ్గర మొదలై వేపచెట్ల నీడ దాకా వరస కట్టేవారు. లోపల గుమాస్తా సంతకం పెట్టగానే సామేలు కిటికీలోంచి తల బయటపెట్టి పేరు పిలిచేవాడు. ఒక్కసారే. వరసలో చివర నిలబడి కబుర్లాడుకుంటున్నవాడు కూడా మాట మధ్యలో ఆపి పరుగెత్తుకొచ్చేవాడు.

ఆ పిలుపే ఒకరోజు ఫిజిక్సు లెక్చరరు ప్రహ్లాదరావుగారి చెవిన పడింది. ఆయన మద్రాసులో చదువుకునే రోజుల్లో అడయారు నది మీద తెడ్డు వేసిన మనిషి. హైదరాబాదు వచ్చి స్థిరపడ్డా ఆ పిచ్చి వదల్లేదు. అటు తిరిగి ఇటు తిరిగి, వాళ్ళనూ వీళ్ళనూ బతిమాలి, క్యాంపస్‌లో ఒక రోయింగ్ క్లబ్బు మొదలుపెట్టారు. కలకత్తాలో ఎవరో వాడేసి వదిలేసిన పొడవాటి పడవ ఒకటి సంపాదించారు. గూడ్సు బండిలో సికింద్రాబాదు చేరేసరికి దాని పొట్ట పగిలి ఉంది. వర్క్‌షాపులోని వడ్రంగులు అటువంటి పడవను ఎన్నడూ చూసి ఉండలేదు. చెక్కను ఉడకబెట్టి వంచి, తారు పూసి, ఎలాగో అతికించారు. దానికి కిన్నెర అని పేరు పెట్టారు. మొదటిసారి హుస్సేన్‌సాగర్‌లో దించినప్పుడు పావుగంటలో సగం నిండింది. ఒడ్డున చూస్తున్నవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. రెండోసారి కొంచెం తక్కువ నిండింది. వానాకాలం వెళ్ళేసరికి నిలబడింది.

అది నలుగురు తెడ్లు వేసే పడవ. నలుగురూ పడవ పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. ముందేముందో వాళ్ళకు కనబడదు. వాళ్ళకు ఎదురుగా చివర్న ఐదోవాడు కూర్చుని చుక్కాని తాళ్ళు పట్టుకుంటాడు. దారి చూసేది వాడు, తెడ్డు ఎప్పుడు వెయ్యాలో ఎప్పుడు ఆపాలో చెప్పేది వాడు. వాణ్ణి కాక్స్ అంటారు. కాక్స్ ఎంత తేలికైతే పడవకు అంత మేలు. గొంతు ఎంత గట్టిదైతే అంత మేలు.

"నీ పేరేమిటయ్యా?" అని ప్రహ్లాదరావుగారు కిటికీ దగ్గరికొచ్చి అడిగారు.

"సామేలు సార్. తప్పయిందా సార్?"

"తప్పేం లేదు. ఎంత బరువుంటావు?"

ఆ ప్రశ్నకు సామేలు బిత్తరపోయాడు. లోపల కుర్చీలో కూర్చున్న గుమాస్తా రామాంజనేయులు పకపకా నవ్వాడు. అతను అప్పటికే క్లబ్బులో చేరి ఉన్నాడు.

రామాంజనేయులుది తెలంగాణ అవతల డోను. ఆరడుగుల మనిషి, తలుపు గుమ్మం దాటాలంటే తల వంచాల్సిందే. అతని ఊళ్ళో మనిషి మునిగేంత నీళ్ళు చూడాలంటే వానదేవుడు కరుణించాలి. హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక, క్యాంపస్ వెనక దిగుడుబావిలో కుర్రాళ్ళు నవ్వుతుంటే సిగ్గుపడకుండా ఈత నేర్చుకున్నాడు. కిన్నెరలో అతను స్ట్రోక్, అంటే కాక్స్‌కు ఎదురుగా కూర్చునేవాడు. వెనకవాళ్ళంతా అతని ఊపునుబట్టి తెడ్డు వేస్తారు. అతని వెనక వ్యాయామశాల చంద్రయ్య, ఆ వెనక ఇంజనీరింగు విద్యార్థి హమీదు. అందరికంటే అవతల కొసన వెంకటేశం. జనగామ వైపు రైతు కుటుంబం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి లా చదువుతున్నాడు. సన్నగా, చురుగ్గా ఉండేవాడు. ఎవరితోనైనా వాదన పెట్టుకునేవాడు.

తెల్లవారుజామున సామేలు లాలాపేట్ నుంచి నడిచి తార్నాక వచ్చేవాడు. రామాంజనేయులు అద్దెకున్న ఇల్లు సందులో మూడోది. సామేలును సైకిలు క్యారియర్ మీద ఎక్కించుకుని అతను మెట్టుగూడ మీదుగా, సికింద్రాబాదు దాటి, సాగరు ఒడ్డుకు తొక్కేవాడు. గాలి లేచేలోపు తెడ్లు వెయ్యాలి. ఎండ ఎక్కాక ఆ నీళ్ళు మనిషి మాట వినవు.

మొదటి రోజుల్లో సామేలు "సార్, కొంచెం తొందరగా వెయ్యండి సార్" అనేవాడు. ఆఫీసులో ఏ మనిషికి చేతులు కట్టుకుని నిలబడతాడో ఆ మనిషినే ఇక్కడ కసరాలి. నాలిక తిరిగేది కాదు. ప్రహ్లాదరావుగారు ఒడ్డు నుంచి అరిచారు. "సార్ అంటే పడవ కదలదు సామేలూ! హుకుం చెయ్యి!"

రామాంజనేయులు కూడా నవ్వి, "నీళ్ళ మీద నేను గుమాస్తానూ కాదు, నువ్వు అటెండరువీ కాదప్పా. తిట్టు, ఫర్వాలేదు" అన్నాడు.

సామేలు మెల్లగా నేర్చుకున్నాడు. "రెడీ ఆల్! రో!" అంటే నాలుగు తెడ్లు ఒక్కసారి నీళ్ళలో దిగేవి. "ఈజీ ఆల్!" అంటే నాలుగూ ఒక్కసారి లేచి ఆగేవి. రేకుతో చేసిన మూతి గొట్టం ఒకటి ఉండేది, అరవడానికి. సామేలుకు దానితో పనే పడలేదు. తన నోట్లోంచి వచ్చిన ఒక్క మాటకు అంత లావు మనుషులు ఊపిరి బిగబట్టి ఆగిపోవడం అతనికి రోజూ ఆశ్చర్యంగానే ఉండేది. బయట ఎక్కడా ఎవరూ అతని మాటకు ఆగేవారు కారు.

మూడేళ్ళు అతను రోజూ రెండు మూరల దూరం నుంచి రామాంజనేయులు మొహం చూశాడు. ఎప్పుడు అలిసిపోతున్నాడో, ఎప్పుడు ఇంట్లో పోట్లాడి వచ్చాడో ఆ మొహం చూసి చెప్పగలిగేవాడు. సార్ పోయి అన్న అయ్యాడు.

అన్న తల్లి చెన్నమ్మకు మొదట్లో సామేలు అంటే కొంచెం సంకోచం ఉండేది. కిరస్తానీవాడు, ఏ కులమో చెప్పకపోయినా తెలుస్తూనే ఉంది. వసారాలో కూర్చోబెట్టి విస్తరాకులో సంగటి ముద్ద, చెనిక్కాయల పచ్చడి పెట్టేది. సామేలుకు అది కొత్తేమీ కాదు. తిని ఆకు తీసి పారేసేవాడు. కానీ సాగరు మీద ఒక పొద్దు తుపాను గాలి లేచి పడవ తిరగబడబోతే సామేలు ఎలా అరిచి నిలబెట్టాడో కొడుకు నోట విన్న రోజు, చెన్నమ్మ అతన్ని వంటింటి గడప దాకా పిలిచి కంచంలో వడ్డించింది. కోడలు జయమ్మ నోరెత్తలేదు గానీ ఆ కంచాన్ని చాలాసేపు తోమింది. కొన్నాళ్ళకు అదీ మానేసింది.

"ఏం నాయనా, మొగం అట్ల పీక్కపోయింది? మీ యమ్మ కూడు పెట్టడంల్యా?" అని చెన్నమ్మ రోజూ ఇంకో ముద్ద వేసేది.

"అమ్మా, వాడు లావయితే పడవ మునుగుతాది" అని రామాంజనేయులు లబలబలాడేవాడు.

అరవై ఎనిమిది డిసెంబరులో సాగరు మీద పోటీలు జరిగాయి. సికింద్రాబాదు మిలిటరీ జట్టు ఉందంటే మిగతావాళ్ళంతా రెండో స్థానం కోసమే కొట్టుకునేవారు. ఆ రోజు కిన్నెర సగం దూరం దాకా వెనకే ఉంది. సామేలు రామాంజనేయులు కళ్ళలోకి చూశాడు. ఆ కళ్ళలో ఇంకా శక్తి మిగిలి ఉందని అతనికి తెలిసింది. "అన్నా, ఇప్పుడు!" అన్నాడు. అది పుస్తకంలో ఉన్న ఆజ్ఞ కాదు. అయినా నలుగురికీ అర్థమయింది. పడవ నీళ్ళ మీంచి లేచినట్టయింది. గీత దాటేసరికి మిలిటరీవాళ్ళు పడవ నిడివంత వెనకబడ్డారు.

గెలిచిన జట్టు కాక్స్‌ను నీళ్ళలోకి విసరడం ఈ ఆటలో ఆచారం. సామేలుకు ఈత రాదని అందరికీ తెలుసు. వెంకటేశం కాళ్ళు పట్టుకున్నాడు, హమీదు చేతులు పట్టుకున్నాడు. రామాంజనేయులు ముందే నీళ్ళలోకి దూకి చేతులు చాచి నిలబడ్డాడు. పడ్డవాణ్ణి పడ్డట్టే పట్టుకుని పైకెత్తాడు. సామేలు జీవితంలో అంత గట్టిగా నవ్విన రోజు ఇంకోటి లేదు.

నెల తిరగలేదు, ఊరు మండింది.

తెలంగాణ కొలువులు తెలంగాణ వాళ్ళకే దక్కాలని పాత నిబంధన. ఇక్కడి వాళ్ళను ముల్కీలనేవారు. బయటి నుంచి వచ్చినవాళ్ళు దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టించుకుని ఉద్యోగాల్లో చేరిపోతున్నారని ఎన్నాళ్ళుగానో లోపల రగులుతున్న కోపం కొత్త ఏడాది మొదట్లోనే రోడ్డు మీదికొచ్చింది. కాలేజీలు మూతపడ్డాయి. ప్రత్యేక రాష్ట్రం కావాలని జులూసులు, వాటి వెనక లాఠీలు, కొన్నిచోట్ల తుపాకులు.

సామేలుకు అది పత్రికల్లో చదివే సంగతి కాదు. అతని తమ్ముడు దానియేలు మెట్రిక్ పాసై, ఒక సర్కారు ఆఫీసులో కొలువు దాదాపు దొరికినట్టే అనుకున్నాక, అది ఇంకెవరికో పోయింది. అది దక్కినవాడి ముల్కీ సర్టిఫికెట్ దొంగదని ఆ ఆఫీసు జవాన్లే చెప్పుకున్నారు. తమ్ముడు అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకునేవాడు. తల్లి అమృతమ్మ వాడి పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ ఉండేది. ఇంకేం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

వెంకటేశం అప్పటికే విద్యార్థుల నాయకుల్లో ఒకడయ్యాడు. ఒకనాడు సామేలును వెతుక్కుంటూ లాలాపేట్ వచ్చాడు.

"రేపు కాలేజీ కాడ్నుంచి తార్నాక దాక జులూస్ ఉన్నది సామేలూ. మైకులన్నీ పోలీసోళ్ళు గుంజుకపోతున్నరు. నీ గొంతు ఉంటే మాకు మైక్ ఎందుకే?"

"నేను అటెండర్ను అన్నా. నాకు కొలువు పోతే?"

"నీ తమ్మునికి ఎవడు ఇప్పిస్తడు కొలువు? గిట్ల ఇంట్ల కూసుంటే అయితదా?"

లోపల దానియేలు గోడవైపు నుంచి ఇటు తిరిగి చూశాడు. సామేలు ఆ చూపుకు లొంగిపోయాడు. నిజానికి ఎవరూ లొంగదీయాల్సిన పని లేదు. వెంకటేశం చెప్పింది న్యాయమనే అతనికీ తోచింది.

అయినా ముందు రామాంజనేయులుకు చెప్పాలనిపించింది. సాయంత్రం తార్నాక వెళ్ళాడు. అన్న వసారాలో తమ్మి ఆకుల మీద ఆరబెట్టిన వడియాలను కాకుల నుంచి కాస్తూ కూర్చున్నాడు. సామేలు చెప్పిందంతా విన్నాడు.

"పోప్పా. నీ తమ్మునికి జరిగింది అన్యాయమే గదా. నేను కాదంటానా?" అన్నాడు. ఒక కాకిని అదిలించి, "ఒకటి మాత్రం చెప్తా. నేను ఎవురి కొలువూ దొంగతనంగా తీసుకోలేదు. అది నీకు తెలుసు" అన్నాడు.

"తెలుసన్నా."

"తెలిస్తే సాలు."

మర్నాడు సామేలు జులూసుకు ముందు నడిచాడు. "నాన్ ముల్కీ!" అని అతను ఎత్తుకుంటే వెనక వందల గొంతులు "గో బ్యాక్!" అన్నాయి. "జై!" అంటే "తెలంగాణ!" అన్నాయి. నాలుగు తెడ్లకు హుకుం చేసినవాడికి ఇప్పుడు ఇంతమంది దొరికారు. ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి గొంతు బొంగురుపోయి ఉంది. దానియేలు లేచి కూర్చుని అన్నం తిన్నాడు. అన్నదమ్ములిద్దరూ చాలా రోజుల తర్వాత మాట్లాడుకున్నారు.

అలా వారాలు గడిచాయి. కిన్నెర షెడ్డులో తాళం వెనక పడి ఉంది. ప్రహ్లాదరావుగారు ఒకసారి అందరినీ పిలిస్తే చంద్రయ్య, హమీదు వచ్చారు. వెంకటేశం రానన్నాడు. "జనం ప్రాణాలు పోతుంటే పడవలేంది సార్?" అని కబురు పంపాడు. రామాంజనేయులు వచ్చాడు గానీ ఒడ్డున నిలబడి వెనుదిరిగాడు. సామేలు తార్నాక సందుకు వెళ్ళడం తగ్గించాడు. వెళ్ళకూడదని ఎవరూ అనలేదు. వెళితే ఏం మాట్లాడాలో అతనికి తోచేది కాదు, అంతే.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం జులూసు తార్నాక చౌరస్తా చేరింది. ముందురోజు ఎక్కడో కాల్పుల్లో ఒక విద్యార్థి చనిపోయాడని వార్త. జనం ఎప్పటిలా లేరు. సామేలుకు తెలియని మొహాలు చాలా ఉన్నాయి. చౌరస్తాలో ఆగి సభ పెట్టాలని అనుకున్నారు. కానీ ఎవరో "గీ గల్లీల అందరు వాళ్ళే ఉంటరు!" అని కేక వేశారు. వెనక నుంచి తోపు వచ్చింది. నది మలుపు తిరిగినట్టు జనమంతా సందులోకి తిరిగారు. ముందున్న సామేలు కూడా వాళ్ళతోపాటు తిరిగాడు. అతని నోరు మాత్రం పాత ఊపులోనే ఉంది. "నాన్ ముల్కీ!" అన్నాడు. "గో బ్యాక్!" అని సందు గోడలు అదిరాయి.

తను ఎక్కడున్నాడో అతనికి తెలిసేసరికి అన్న ఉండే మూడో ఇల్లు ఎదురుగా ఉంది. ఆ మాట మళ్ళీ ఎత్తుకోకుండా నోరు మూసుకున్నాడు. కానీ వెనకవాళ్ళు ఇప్పుడు అతని కోసం ఆగడం లేదు. వాళ్ళంతట వాళ్ళే అరుస్తున్నారు. అన్ని ఇళ్ళ తలుపులూ మూసి ఉన్నాయి. ఈ ఇంటి తలుపు గడియ మాత్రం కదిలింది. చెన్నమ్మ బయటికొచ్చింది. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని జనంలో ఎవరి కోసమో వెతుకుతోంది.

మొదటి రాయి గోడకు తగిలింది.

సామేలు వెనక్కి తిరిగి రెండు చేతులూ ఎత్తి ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు. మూడేళ్ళుగా నోటికి అలవాటైన మాటే వచ్చింది. "ఈజీ ఆల్! ఈజీ ఆల్!"

ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైనా ఆగేవారో లేదో. ఒకడు నవ్వాడు కూడా. రెండో రాయి అతని తల మీంచి పోయింది. వెనక గడప దగ్గర "అయ్యో నా కన్ను" అని చెన్నమ్మ కేక వినబడింది. ఆ తర్వాత గానీ సామేలు నోట తెలుగు మాట రాలేదు. "ఆగుండ్రి! ముసలామెరా! ఆగుండ్రి!" అని అరిచాడు. అప్పటికే గుంపులోంచి తోసుకుంటూ వెంకటేశం వచ్చి గేటుకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. అతని భుజానికీ ఒక రాయి తగిలింది. తమ నాయకుణ్ణే కొట్టామని తెలిశాక ముందువాళ్ళు తగ్గారు. గుంపు గొణుక్కుంటూ పక్క సందులోకి పోయింది.

రిక్షాలో సామేలు చెన్నమ్మ తలను ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. జయమ్మ ఎదురుగా కూర్చుంది. సామేలు ఖాకీ చొక్కా ముందుభాగమంతా నెత్తురుతో తడిసి ఒంటికి అంటుకుంది. కూరగాయలకని వెళ్ళిన రామాంజనేయులు ఎవరో చెబితే పరుగెత్తుకొచ్చాడు. తల్లిని చూశాడు. సామేలును చూశాడు.

"నువ్వు బయట ఉండప్పా" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ మొహంలో ఏముందో మొదటిసారి సామేలుకు తెలియలేదు.

ఆ కన్ను పోయింది. డాక్టర్లు చెయ్యగలిగింది చేశారు. రామాంజనేయులు లేని వేళ చూసుకుని సామేలు వార్డులోకి వెళ్ళేవాడు. చెన్నమ్మ తలంతా కట్టు. రెండో కన్ను తెరిచి గుర్తుపట్టి, మంచం పక్కన కూర్చోమని చెయ్యి తట్టింది.

"నాయనా, ఆ పొద్దు ఏందో అరిస్తివే? నాకు తెలీలేదు. ఏమంటివి?"

"ఆపమన్న అవ్వా. పడవల గట్లనే అంటం."

"తెలుగులో అనింటే ఇనుకుంటాండ్రేమో" అంది.

నింద వేయాలని అన్న మాట కాదది. మామూలుగా తోచింది చెప్పింది. సామేలు బయటికొచ్చి ఆసుపత్రి గోడ పక్కన కూర్చుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు.

కర్ఫ్యూ సడలించిన ఒక ఉదయం వాళ్ళు డోనుకు బయల్దేరారు. రామాంజనేయులు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడని ఆఫీసులో తెలిసి సామేలు కాచిగూడ స్టేషనుకు పరుగెత్తాడు. ప్లాట్‌ఫారమంతా ట్రంకు పెట్టెలు, పరుపు చుట్టలు, ఏడుస్తున్న పిల్లలు. ఎన్ని కుటుంబాలు పోతున్నాయో లెక్కలేదు. రామాంజనేయులు పెట్టెలు ఎక్కిస్తున్నాడు. సామేలు ఒక పెట్టె పట్టుకోబోతే అతను కాదనలేదు, తీసుకోమనీ అనలేదు. ఇద్దరూ దాన్ని ఎక్కించారు.

జయమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఇన్ని రోజులకు నోరు విప్పింది.

"మేము గడియ పెట్టుకోని లోపల్నే ఉన్నాం. ఆయమ్మ నీ గొంతు ఇనింది. 'మన సామేలు ఉండాడే, మనకేం కాదు' అని చెప్పి గడియ తీసింది. నేను వద్దంటానే ఉన్నా. అది నువ్వు తెలుసుకోవాల."

బండి కదిలింది. సామేలు ఎక్కడివాడక్కడే నిలబడిపోయాడు.

ఆ తర్వాత అతను మళ్ళీ జులూసుకు వెళ్ళలేదు. ఉద్యమం తప్పని అతనికి ఎన్నడూ అనిపించలేదు. దానియేలు పోలీసులకు చిక్కి జైలుకు వెళ్ళొచ్చాడు. అన్నను పిరికివాడన్నాడు, అమ్ముడుపోయాడన్నాడు. వెంకటేశం మాత్రం ఒకసారి వచ్చి అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు.

"నేనే తీసుకపోయిన నిన్ను" అన్నాడు.

"నేనే వచ్చిన" అన్నాడు సామేలు.

వెంకటేశం మర్నాడు మళ్ళీ తన పనిలోకి వెళ్ళాడు. అతనికి అది ఆపే వీలు లేదు.

ఎట్టకేలకు విశ్వవిద్యాలయం తెరిచారు. కిటికీ ముందు మళ్ళీ వరస కట్టారు. రామాంజనేయులు కుర్చీలో కొత్త గుమాస్తా. మొదటి కాగితం సంతకమై వచ్చింది. సామేలు తల బయటపెట్టి పేరు పిలవబోయాడు. అంతమంది ఒక్కసారి తనవైపు తిరగడం చూశాడు. తల లోపలికి తీసుకున్నాడు. కాగితం పట్టుకుని బయటికి వెళ్ళి, వరస పొడుగునా నడుస్తూ ఒక్కొక్కరినీ "బాబూ, నీ పేరేంది?" అని అడిగాడు. కొత్త గుమాస్తా విసుక్కున్నాడు. ఇంత నెమ్మదైతే సాయంత్రం దాకా పని తెమలదన్నాడు. సామేలు మర్నాడూ అలాగే చేశాడు. కొన్నాళ్ళకు ఆఫీసు దానికి అలవాటుపడింది.

ప్రహ్లాదరావుగారు కిన్నెరను మళ్ళీ నీళ్ళలో దించారు. కొత్త విద్యార్థులు చేరారు. సామేలును రమ్మని మనిషిని పంపారు, తర్వాత తనే వచ్చారు. "పిల్లలకు కాక్స్ లేడయ్యా" అన్నారు.

"ఇంకెవరినన్న చూసుకోండ్రి సార్."

"నీ తప్పేముందని ఇట్లా కూర్చున్నావు?"

తప్పు లేదని ఆయన అన్నంత తేలిగ్గా సామేలు అనుకోలేడు. తప్పు ఉందంటే అది ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేడు.

అమృతమ్మ కొడుకును కొన్నాళ్ళు గమనించింది. తర్వాత ఒకరోజు, "పోయి ఆమెను చూసి రా బిడ్డా. ఇట్ల నాకు నువ్వు కనబడుతలేవు" అంది.

అరవై తొమ్మిది ఆఖర్లో, చలి మొదలయ్యాక సామేలు డోను వెళ్ళాడు. స్టేషను దగ్గర అడిగితే ఇల్లు చూపించారు. చుట్టూ నాపరాళ్ళ గుట్టలు. రామాంజనేయులు ఒక గని యజమాని దగ్గర రాళ్ళ బండ్ల లెక్కలు రాస్తున్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు, భుజాలు దిగిపోయాయి. సామేలును చూసి కుర్చీలోంచి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"ఎట్లుండావప్పా?"

"మంచిగనే ఉన్నన్నా."

"పడవ?"

"దించిండ్రు. కొత్త పిలగాండ్లు వేస్తున్నరు."

"స్ట్రోక్ ఎవురు?"

"తెల్వదన్నా. నేను పోతలేను."

రామాంజనేయులు తలెత్తి చూశాడు. ఇద్దరూ కలిసి ఇంటికి నడిచారు. చెన్నమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చూపున్న కన్ను వైపు తల తిప్పి, వచ్చిందెవరో పోల్చుకుంది. మొహం విప్పారింది. పక్కన కూర్చోబెట్టుకుని అమృతమ్మ ఆరోగ్యం అడిగింది, దానియేలు పెళ్ళి సంగతి అడిగింది, ఇప్పటికైనా పిల్లను చూసుకోమని సామేలునూ కసిరింది. కన్ను గురించి సామేలు మాట్లాడబోతే, "ఇంకోటి ఉంది గదా" అని గింజల చేట తన వైపు లాక్కుంది. అన్నం తానే వడ్డించింది. దూరం తెలియక గిన్నె అంచు కంచానికి తగిలి కొంచెం పులుసు కింద పడింది. సామేలు ఆమె చెయ్యి పట్టి గిన్నెను సరిచేశాడు.

జయమ్మ లోపలి గదిలోనే ఉంది. ఉన్నంతసేపూ లోపల గాజుల చప్పుడు వినబడింది గానీ మనిషి బయటికి రాలేదు.

సాయంత్రం రామాంజనేయులు స్టేషను దాకా వచ్చాడు. బండి కోసం ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా పట్టాల అవతల మేకలు మేస్తున్నాయి.

"ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు" అన్నాడు అతను. "నువ్వొస్తే మా అమ్మకు సంతోషమే. నాకూ... నాకు నీ మీద కోపం లేదప్పా. మొదట్లో ఉండె. ఇప్పుడు లేదు. కానీ నిన్ను చూస్తే జయ వారం రోజులు తలుపు గడియ తీయదు. పగలు గూడా తీయదు. నీళ్ళబిందె కూడా నేనే తేవాల."

సామేలు తల ఊపాడు.

"మళ్ళ రావద్దు సామేలూ."

"సరే అన్నా."

బండి వచ్చింది. రామాంజనేయులు అతని భుజం మీద చెయ్యి వేసి ఎక్కించాడు. ఆ చెయ్యి ఇంకా అంతే బరువుగా ఉంది. బండి సాగుతుంటే అతను ప్లాట్‌ఫారం మీద రెండడుగులు వేసి ఆగిపోయాడు.

తెల్లవారి లాలాపేట్ చేరేసరికి అమృతమ్మ వాకిలి ఊడుస్తోంది. కొడుకును చూసి చీపురు పక్కన పెట్టింది.

"ఏమన్నరు బిడ్డా?"

"అన్నం పెట్టిండ్రు" అన్నాడు సామేలు. చెప్పులు విప్పి అరుగు మీద కూర్చున్నాడు. "మల్ల రావద్దన్నరు."

"అన్నం పెట్టింది, రావద్దన్నది ఒక్కరేనా?"

"కాదమ్మా."

అమృతమ్మ లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. సామేలు మొహం కడుక్కుని, ఖాకీ చొక్కా తొడుక్కుని, ఆఫీసుకు బయల్దేరాడు.